1000 హెర్ట్జ్ టోన్ ఇంట్లోనే చేసుకోవడం ఎలా: ఆడాసిటీతో, 555 ఐసీతో, కొలిచి చూసుకోవడంతో సహా

ఒక టోన్ కావాలి, ఎలా చేయాలి అని అడిగేవాళ్లు విశాఖలో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటూనే ఉంటారు. సైన్స్ ఫెయిర్‌కి ప్రాజెక్టు చేస్తున్న స్కూలు పిల్లలు, ల్యాబ్‌లో ఫంక్షన్ జనరేటర్ ఖాళీగా దొరకని ఇంజనీరింగ్ విద్యార్థులు, పెళ్లిళ్లకు సౌండ్ బాక్సులు అద్దెకిచ్చేవాళ్లు, పాట ప్రాక్టీసుకు శ్రుతి కావాల్సినవాళ్లు, హామ్ రేడియో (సరదాగా సొంతంగా నడుపుకునే రేడియో) లైసెన్సు కోసం మోర్స్ (చుక్కలు, గీతల సంకేత భాష) నేర్చుకుంటున్నవాళ్లు. వీళ్లందరికీ కావాల్సింది ఒక్కటే: అనుకున్న ఫ్రీక్వెన్సీలో, అంటే సెకనుకు అనుకున్నన్ని కంపనాలతో (వాటి లెక్కే హెర్ట్జ్), నిలకడగా మోగే శబ్దం. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను.

స్పీకర్లోంచి ‘కుయ్’మని శబ్దం రాగానే చాలామంది పని అయిపోయిందనుకుంటారు. అది సగం పనే. మీకు 1000 హెర్ట్జ్ కావాలంటే, వచ్చింది 1000 హెర్ట్జేనా అని కొలిచి చూశాకే పని పూర్తయినట్టు. అందుకే కింద చేసే పద్ధతి ఎంత ఉందో, సరిచూసే పద్ధతి కూడా దాదాపు అంతే ఉంది. ఆ భాగాలు దాటేయకండి.

ఏ దారి ఎంచుకోవాలి?

స్పీకర్ పరీక్షకో, శ్రుతికో, వినికిడి గురించిన ప్రాజెక్టుకో అయితే కంప్యూటర్ చాలు. అందులో శబ్దాలు చేయడానికి, రికార్డు చేయడానికి ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఈ పనికి సరిపోతుంది. ఇప్పటికిప్పుడు రెండు నిమిషాల్లో కావాలంటే ఫోన్ ఉంది. చేత్తో కట్టిన సర్క్యూట్ చూపించాలన్నా, మోర్స్ ప్రాక్టీసుకు చిన్న పెట్టె కావాలన్నా 555 ఐసీ అనే చిన్న చిప్ తీసుకోండి.

కచ్చితత్వం మాటకొస్తే కంప్యూటర్, ఫోన్ ముందుంటాయి. వాటిలో గడియారంలా లెక్క నడిపే క్రిస్టల్ తప్పదు. 1000 అని ఇస్తే తేడా 1 హెర్ట్జ్ కూడా ఉండదు. 555 సర్క్యూట్ అలా కాదు, మీరు వాడే కెపాసిటర్‌ను బట్టి వంద, రెండు వందల హెర్ట్జ్ అటూ ఇటూ పోతుంది. అందుకే సర్క్యూట్ కట్టేవాళ్లు కూడా ఆడాసిటీ భాగం ముందు చదవండి. సర్క్యూట్‌ను సరిచూసే కొలబద్ద అదే.

మొదలుపెట్టే ముందు

చెవుల సంగతి ముందు చూసుకోండి. పాటలో శబ్దం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, టోన్ అలా కాదు, ఒకే స్థాయిలో కొడుతూనే ఉంటుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఫుల్ వాల్యూమ్‌లో టోన్ మోగించకండి. వాల్యూమ్ సున్నాకు తెచ్చి, టోన్ ప్లే చేసి, ఆ తర్వాత మెల్లగా పెంచండి. ఈ వరుస ఎప్పుడూ మార్చకండి.

స్పీకర్లకూ ఇదే జాగ్రత్త కావాలి. సౌండ్ బాక్సులో పై ఫ్రీక్వెన్సీలు మోగించే ట్వీటర్ చిన్నది, పాటలో దాని వాటాకు వచ్చే పవర్ తక్కువ. 5000, 8000 హెర్ట్జ్ టోన్‌ను గట్టిగా, ఆపకుండా పంపితే ట్వీటర్ కాయిల్ కాలిపోతుంది. అద్దె బాక్సులు పరీక్షించేవాళ్లు ఒక్కో టోన్ కొద్ది సెకన్లకు మించకుండా, తక్కువ వాల్యూమ్‌లో మోగించండి.

ఇంకొకటి. ‘16,000 హెర్ట్జ్ పెట్టాను, ఏమీ రావడం లేదు’ అని వాల్యూమ్ పెంచుకుంటూ పోయేవాళ్లున్నారు. వయసు పెరిగేకొద్దీ పై ఫ్రీక్వెన్సీలు వినపడటం తగ్గుతుంది. మీకు వినపడకపోయినా శబ్దం అక్కడే ఉండొచ్చు, పక్కనున్న పిల్లలకు గట్టిగా వినపడుతూ ఉండొచ్చు. వినపడని టోన్‌కు వాల్యూమ్ పెంచొద్దు.

ఆడాసిటీతో చేయడం

కావాల్సినవి: విండోస్, మ్యాక్ లేదా లినక్స్ ఉన్న ఏదైనా కంప్యూటర్, ఆడాసిటీ, ఒక స్పీకర్ లేదా హెడ్‌ఫోన్స్. పాత ల్యాప్‌టాప్ అయినా ఫర్వాలేదు. ఆడాసిటీని దాని సొంత వెబ్‌సైటు నుంచే దించుకోండి. పేరు పోలిన సైట్లలో దాంతో పాటు ఇంకేవేవో ఇన్‌స్టాల్ అవుతాయి. డబ్బు అడిగితే మీరు తప్పు చోట ఉన్నట్టే.

1. ఆడాసిటీ తెరవండి. ప్రాజెక్ట్ రేట్ (శబ్దాన్ని సెకనుకు ఎన్నిసార్లు నమోదు చేస్తుందో ఆ అంకె) 44100 లేదా 48000 ఉందో లేదో చూడండి. 8000 లాంటి చిన్న అంకె ఉంటే మార్చండి. రేటులో సగానికి పైనున్న ఫ్రీక్వెన్సీని ఫైలు మోయలేదు. 8000 రేటుతో 5000 హెర్ట్జ్ టోన్ అసలు రాదు.

2. పైన జనరేట్ మెనూ తెరిచి అందులో టోన్ నొక్కండి. చిన్న పెట్టె తెరుచుకుంటుంది.

3. వేవ్‌ఫార్మ్ దగ్గర సైన్ ఎంచుకోండి. కొలతలకు, పరీక్షలకు ఇదే వాడాలి. స్క్వేర్, సాటూత్ ఎంచుకుంటే అసలు టోన్‌తో పాటు దాని గుణిజాలు కూడా మోగుతాయి. స్క్వేరే కావాలనుకుంటే ‘స్క్వేర్, నో అలియాస్’ అన్నది తీసుకోండి. మామూలు స్క్వేర్‌లో పై ఫ్రీక్వెన్సీల దగ్గర అక్కర్లేని కీచు శబ్దాలు కలుస్తాయి.

4. ఫ్రీక్వెన్సీ దగ్గర 1000 కొట్టండి. మామూలుగా అక్కడ 440 ఉంటుంది.

5. యాంప్లిట్యూడ్ (టోన్ గట్టిదనం) దగ్గర 0.8 ఉంటుంది. దాన్ని 0.3కి తగ్గించండి. ఎప్పుడూ 1 పెట్టకండి.

6. డ్యూరేషన్ 30 సెకన్లు ఇచ్చి జనరేట్ నొక్కండి. స్క్రీన్ మీద నిండుగా నీలం పట్టీ వస్తుంది. అలలు కనపడలేదని కంగారు పడొద్దు, బాగా జూమ్ చేస్తే కనిపిస్తాయి.

7. పట్టీ మొదట్లో ఒక సెకనులో ఇరవయ్యో వంతు భాగం సెలెక్ట్ చేసి, ఎఫెక్ట్ మెనూలోని ఫేడ్ ఇన్ ఇవ్వండి. చివర్లో అంతే భాగానికి ఫేడ్ అవుట్ ఇవ్వండి. ఇది చేయకపోతే టోన్ మొదలైనప్పుడు, ఆగినప్పుడు ‘టక్’మంటుంది. సౌండ్ బాక్సుల్లో ఆ టక్కు చాలా గట్టిగా ఉంటుంది.

8. వాల్యూమ్ సున్నాలో ఉంచి ప్లే నొక్కి, మెల్లగా పెంచండి.

9. ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్‌కు వెళ్లి డబ్ల్యూఏవీ, 16 బిట్ ఎంచుకుని సేవ్ చేయండి. ఎంపీ3 వద్దు. పాటకు ఎంపీ3 చాలు గానీ పరీక్ష టోన్‌కు అసలు ఫైలే కావాలి.

ఆ ఫైలును వాట్సాప్‌లో ఎవరికైనా పంపాలంటే డాక్యుమెంట్‌గా పంపండి. వాయిస్ మెసేజ్‌గా రికార్డు చేసి పంపితే అది మాటల కోసం చేసిన పద్ధతిలో కుదించుకుపోతుంది, అవతలివాళ్లు వినేది మీ టోన్ కాదు.

సౌండ్ బాక్సులు చూసేవాళ్లకు జనరేట్ మెనూలోనే చర్ప్ అని ఇంకొకటి ఉంది. మొదలు 40, చివర 15,000, రెండు చోట్లా యాంప్లిట్యూడ్ 0.2, లాగరిథమిక్, 30 సెకన్లు. టోన్ కింది నుంచి పైకి మెల్లగా పాకుతూ వెళుతుంది. మధ్యలో ఎక్కడైనా ‘గరగర’ వినిపిస్తే అక్కడ ఆపండి. అది ఊడిన స్క్రూ కావచ్చు, చిరిగిన కోన్ కావచ్చు, పక్కన గోడకు తగిలించిన క్యాలెండర్ కూడా కావచ్చు. గదిలో ఊగే వస్తువులన్నీ తీసేసి మళ్లీ మోగించాకే బాక్సు మీద నింద వేయండి.

శ్రుతి కావాల్సినవాళ్లకు

ఒకటో శ్రుతి షడ్జమం 261.63 హెర్ట్జ్. మగ గొంతుకు అందులో సగం, 130.81 పెట్టుకోండి. ఐదో శ్రుతిలో పాడే ఆడపిల్లలకు 196. పంచమం కావాలంటే షడ్జమాన్ని ఒకటిన్నరతో గుణించండి: 130.81కి పంచమం 196.2, పై షడ్జమం 261.6.

మూడింటినీ మూడు వేర్వేరు ట్రాకుల్లో చేయాలి. ఇక్కడ చాలామంది పొరబడతారు. మొదటి ట్రాక్ సెలెక్ట్ అయి ఉండగా జనరేట్ కొడితే రెండో స్వరం మొదటిదాని మధ్యలోకి దూరుతుంది, లేదంటే దాన్ని చెరిపేస్తుంది. అందుకని ప్రతిసారీ ట్రాకుల కింద ఖాళీ జాగాలో ఒకసారి క్లిక్ చేసి, ఏదీ సెలెక్ట్ కాకుండా చూసుకుని, అప్పుడు కొత్త టోన్ చేయండి. ఒక్కోదానికి యాంప్లిట్యూడ్ 0.25 దాటొద్దు. మూడూ కలిసి 1 దాటితే శబ్దం చీలి, బొంగురుపోతుంది.

సైన్ శ్రుతి చప్పగా ఉంటుంది, దాంతో కలిపి పాడటానికి మనసు రాదు. సాటూత్ ఎంచుకుని యాంప్లిట్యూడ్ 0.1 పెట్టి చూడండి. అందులో గుణిజాలన్నీ ఉంటాయి కాబట్టి శ్రుతి పెట్టెకు చాలా దగ్గరగా వస్తుంది. నాకైతే ఇదే నచ్చుతుంది.

వచ్చిన టోన్ సరైనదేనా?

కంప్యూటర్ చేసిన ఫైలులో ఫ్రీక్వెన్సీ తప్పు ఉండటం అరుదు. తప్పంతా ఆ తర్వాత, స్పీకర్ దగ్గర జరుగుతుంది. అందుకని స్పీకర్ ముందు మైకు పెట్టి కొలవాలి.

ఫోన్‌లో ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ వేసుకోండి. జర్మనీలోని ఆహెన్ విశ్వవిద్యాలయం వాళ్లు భౌతికశాస్త్ర ప్రయోగాల కోసం చేసినది, ప్రకటనలు ఉండవు. అందులో ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో గ్రాఫ్‌గా చూపే ఆడియో స్పెక్ట్రమ్ తెరిచి, స్పీకర్‌కు ఒక అడుగు దూరంలో ఫోన్ పెట్టి చూడండి. గ్రాఫ్‌లో అన్నింటికన్నా ఎత్తైన ముల్లు ఎక్కడుందో ఆ అంకె కనిపిస్తుంది. ఒకే టోన్ అయితే ఆడియో ఆటోకోరిలేషన్ అనే ప్రయోగం ఇంకా సూటిగా అంకె చెబుతుంది.

ఫోన్ లేకుండా ఆడాసిటీతోనే చూడొచ్చు. టోన్‌ను మైకుతో రికార్డు చేసి, మధ్యలోంచి రెండు మూడు సెకన్ల ముక్క సెలెక్ట్ చేసి, అనలైజ్ మెనూలో ప్లాట్ స్పెక్ట్రమ్ నొక్కండి. సైజ్ దగ్గర 65536 ఎంచుకోండి. చిన్న సైజు ఉంటే ముల్లు మొద్దుగా వచ్చి అంకె అటూ ఇటూ చెబుతుంది. ముల్లు దగ్గరికి మౌస్ తీసుకెళితే పీక్ అని ఫ్రీక్వెన్సీ చూపిస్తుంది.

కొలిచేటప్పుడు ఫ్యాను ఆపండి, కిటికీలు మూయండి. లాసన్స్ బే కాలనీ, పెదజాలారిపేట వైపు సముద్రానికి దగ్గర ఇల్లయితే అలల హోరు గ్రాఫ్‌లో కింది ఫ్రీక్వెన్సీలన్నీ కప్పేస్తుంది. 100 హెర్ట్జ్ లాంటి టోన్ కొలవాలంటే లోపలి గదిలోకి వెళ్లండి. 50 దగ్గర, 100 దగ్గర సన్నని ముళ్లు కనపడితే అవి కరెంటు హమ్. ల్యాప్‌టాప్ చార్జర్ తీసేసి బ్యాటరీ మీద మళ్లీ చూడండి.

ఇక్కడ తరచూ ఎదురయ్యే తికమకలు నాలుగు.

తల కొంచెం జరిపితే శబ్దం తగ్గిపోతోంది, స్పీకర్ పాడైందా అని అడుగుతారు. పాడవలేదు. మన ఊరి వేడిగాలిలో 1000 హెర్ట్జ్ అల పొడవు దాదాపు 35 సెంటీమీటర్లు. గోడ మీద పడి తిరిగొచ్చిన శబ్దం నేరుగా వచ్చిన దాంతో కలిసి ఒకచోట పెరుగుతుంది, కొద్ది దూరంలోనే తగ్గుతుంది. మైకును కూడా రెండు మూడు చోట్ల పెట్టి చూడండి.

50 హెర్ట్జ్ ఇస్తే ల్యాప్‌టాప్ స్పీకర్ మోగుతోంది అంటారు. మోగేది 50 కాదు. అంత చిన్న స్పీకర్ 50 హెర్ట్జ్‌ను మోయలేక 100, 150, 200ల్లో గొణుగుతుంది. స్పెక్ట్రమ్ తీస్తే వెంటనే తెలుస్తుంది. కింది ఫ్రీక్వెన్సీలకు పెద్ద స్పీకరో, మంచి హెడ్‌ఫోన్సో కావాల్సిందే.

రికార్డు చేసిన టోన్ మొదట గట్టిగా ఉండి తర్వాత సన్నగిల్లిపోతుంది. ఫోన్లలో, కొన్ని ల్యాప్‌టాపుల్లో చుట్టుపక్కల చప్పుడును తగ్గించే ఏర్పాటు ఉంటుంది, అది ఆగకుండా మోగే మీ టోన్‌ను కూడా చప్పుడే అనుకుని తొక్కేస్తుంది. మైకు సెట్టింగ్స్‌లో నాయిస్ సప్రెషన్ ఆపండి. అలాగే స్పీకర్ వైపు ఈక్వలైజర్, బాస్ బూస్ట్ లాంటివన్నీ ఆపండి.

యాప్ 1000 బదులు 3000 చూపిస్తుంది. టోన్ స్క్వేర్ అయి ఉంటుంది. స్క్వేర్‌లో మూడో గుణిజం బలంగా ఉంటుంది, చిన్న స్పీకర్ దాన్ని అసలు దానికన్నా గట్టిగా మోగించొచ్చు. ఎడమ వైపున్న మొదటి ముల్లు చూడండి.

ఫోన్‌తో, రెండు ముక్కల్లో

అదే ఫైఫాక్స్‌లో టోన్ జనరేటర్ ఉంది. తెరవండి, ఫ్రీక్వెన్సీ కొట్టండి, ప్లే నొక్కండి, అంతే. ఫోన్ స్పీకర్ 300 హెర్ట్జ్ కింద పెద్దగా పలకదు. బ్లూటూత్ స్పీకర్‌కు కలిపితే మొదట్లో కొంత ఆలస్యంగా మొదలవుతుంది, కంగారు పడకండి.

555 ఐసీతో సర్క్యూట్

1972లో సిగ్నెటిక్స్ కంపెనీ మార్కెట్లోకి తెచ్చిన ఈ ఎనిమిది కాళ్ల చిప్‌ను హాన్స్ కామెన్‌జింద్ రూపొందించారు. ఇప్పటికీ మొదటి సర్క్యూట్ కట్టే పిల్లలకు దీన్ని మించినది లేదని నా అభిప్రాయం. తప్పు చేసినా చాలావరకు తట్టుకుంటుంది, దొరకడం తేలిక, మోగగానే పిల్లల ముఖం వెలిగిపోతుంది.

డాబాగార్డెన్స్, జగదాంబ వైపు ఎలక్ట్రానిక్స్ విడిభాగాల షాపుల్లో ఇవి అడగండి. పాత షాపుల్లో కెపాసిటర్‌ను కండెన్సర్ అంటారు.

- ఎన్‌ఈ555 ఐసీ: రెండు తీసుకోండి, ఒకటి పోతే ఇంకొకటి ఉంటుంది
- రెసిస్టర్లు: 1 కిలో ఓమ్ (గోధుమ, నలుపు, ఎరుపు), 4.7 కిలో ఓమ్ (పసుపు, ఊదా, ఎరుపు), 100 ఓమ్ (గోధుమ, నలుపు, గోధుమ)
- 10 కిలో ఓమ్ పాట్ (తిప్పితే రెసిస్టెన్స్ మారేది), మూడు కాళ్లది
- 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు రెండు: మీద 104 అని ఉంటుంది. అందులో ఒకటి పాలియెస్టర్‌ది అడగండి
- 0.01 మైక్రోఫారడ్ ఒకటి: మీద 103 అని ఉంటుంది
- ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు: 10 మైక్రోఫారడ్ ఒకటి, 100 మైక్రోఫారడ్ ఒకటి, రెండూ 16 లేదా 25 వోల్టులవి
- 8 ఓమ్ చిన్న స్పీకర్
- బ్రెడ్‌బోర్డ్ (సోల్డరింగ్ లేకుండా భాగాలు గుచ్చే బోర్డు), జంపర్ వైర్లు
- 9 వోల్టుల బ్యాటరీ, లేదా నాలుగు పెన్సిల్ సెల్స్ ఉన్న హోల్డర్. సెల్సే ఎక్కువ కాలం వస్తాయి

స్పీకర్ బదులు బజర్ ఇస్తామని షాపులో అంటే జాగ్రత్త. బ్యాటరీ తగిలిస్తే తనంతట తానే మోగే బజర్ వద్దు. అది తన సొంత టోనే మోగిస్తుంది, మీ సర్క్యూట్ మాట వినదు. లోపల సర్క్యూట్ లేని పీజో డిస్క్ అయితే సరే.

కట్టే వరుస ఇదీ. బ్యాటరీ ఆఖర్న మాత్రమే కలపాలి.

1. ఐసీని బ్రెడ్‌బోర్డ్ మధ్య గాడికి అటు నాలుగు కాళ్లు, ఇటు నాలుగు కాళ్లు ఉండేలా గుచ్చండి. ఐసీ మీదున్న నొక్కు మీ ఎడమ చేతి వైపు ఉండాలి. అప్పుడు కింది వరుసలో ఎడమ నుంచి కుడికి 1, 2, 3, 4. పై వరుసలో కుడి నుంచి ఎడమకు 5, 6, 7, 8.

2. 8వ కాలు, 4వ కాలు ప్లస్ లైన్‌కు. 1వ కాలు మైనస్ లైన్‌కు.

3. 8కీ 7కీ మధ్య 1 కిలో ఓమ్. ఈ చోట పాట్ పెట్టకండి. పాట్ తిప్పుతూ సున్నాకు తెస్తే ప్లస్ నేరుగా 7వ కాలి మీద పడి ఐసీ పోతుంది.

4. 7వ కాలి నుంచి 4.7 కిలో ఓమ్, దాని రెండో కొస నుంచి పాట్ ఒక చివరి కాలికి. పాట్ మధ్య కాలు, రెండో చివరి కాలు కలిపేసి 6వ కాలికి.

5. 2నీ 6నీ ఒక వైరుతో కలపండి.

6. 2వ కాలి నుంచి మైనస్‌కు పాలియెస్టర్ 104.

7. 5వ కాలి నుంచి మైనస్‌కు 103.

8. ఐసీకి దగ్గరగా ప్లస్, మైనస్ లైన్ల మధ్య రెండో 104, 100 మైక్రోఫారడ్. ఎలక్ట్రోలైటిక్ మీద గీత ఉన్న కాలు మైనస్ వైపు. తిరగేసి పెడితే వేడెక్కి పగలొచ్చు.

9. 3వ కాలి నుంచి 100 ఓమ్, దాని తర్వాత 10 మైక్రోఫారడ్ ప్లస్ కాలు, దాని మైనస్ కాలు నుంచి స్పీకర్, స్పీకర్ రెండో వైరు మైనస్ లైన్‌కు.

10. ఒకసారి మొదటి నుంచి వేలు పెట్టి సరిచూసుకుని బ్యాటరీ కలపండి. ఐసీ ముట్టుకుంటే వేడిగా ఉంటే వెంటనే తీసేయండి.

విద్యుత్తు విషయంలో ఒక్కటే నియమం: ఈ సర్క్యూట్‌కు గోడ సాకెట్‌తో నేరుగా ఏ సంబంధమూ ఉండకూడదు. బ్యాటరీ లేదా 5 వోల్టుల మంచి ఫోన్ చార్జర్ వాడండి. ఐసీకి 4.5 వోల్టుల నుంచి సరిపోతుంది.

లెక్క కావాలంటే ఇదీ. 7కీ 6కీ మధ్య ఉన్న మొత్తం రెసిస్టెన్స్‌ను రెట్టింపు చేయండి, దానికి 8కీ 7కీ మధ్య ఉన్నది కలపండి, అన్నీ కిలో ఓముల్లో. వచ్చినదాన్ని 2వ కాలి కెపాసిటర్ మైక్రోఫారడ్లతో గుణించండి. 1440ని దాంతో భాగించండి. పాట్ సున్నాలో ఉంటే 4.7 రెట్టింపు 9.4, ప్లస్ 1 అంటే 10.4, ఇంటూ 0.1 అంటే 1.04. సుమారు 1385 హెర్ట్జ్. పాట్ పూర్తిగా తిప్పితే సుమారు 474. అంటే 1000 ఈ మధ్యలో, పాట్ సుమారు ఐదో వంతు తిప్పిన చోట వస్తుంది.

లెక్క ఇలా చెబుతుంది, కెపాసిటర్ వేరేలా చెబుతుంది. మామూలు సిరామిక్ 104 విలువ 20 శాతం ఎక్కువో తక్కువో ఉండొచ్చు. అప్పుడు లెక్క ప్రకారం రావాల్సిన 1000 కాస్తా 830 కావచ్చు, 1250 కావచ్చు. పాలియెస్టర్ అడగమన్నది ఇందుకే, పాట్ పెట్టింది కూడా ఇందుకే.

సర్క్యూట్ టోన్‌ను 1000కి తేవడం

ఫైఫాక్స్ స్పెక్ట్రమ్ పెట్టి పాట్ తిప్పుతూ పోవచ్చు. నాకు మాత్రం చెవితో చేసే పద్ధతి ఎక్కువ ఇష్టం. ఆడాసిటీలో చేసిన 1000 హెర్ట్జ్ టోన్‌ను కంప్యూటర్‌లో మోగించండి. పక్కనే సర్క్యూట్ మోగించండి. రెండూ దాదాపు ఒకే గట్టిదనంలో ఉండాలి. పాట్ మెల్లగా తిప్పుతూ ఉంటే, రెండూ దగ్గరవుతున్నకొద్దీ శబ్దం ‘వావ్ వావ్ వావ్’ అని ఊగుతుంది. ఆ ఊపు సెకనుకు ఎన్నిసార్లో తేడా అన్ని హెర్ట్జ్. సెకనుకు మూడు ఊపులంటే మీది 1003 లేదా 997. ఊపు నిదానించి దాదాపు ఆగిపోయిన చోట వదిలేయండి. ఏ మీటరూ లేకుండా ఒక హెర్ట్జ్ వరకు కొలవగలిగారు. సైన్స్ ఫెయిర్‌లో జడ్జీలకు ఇది చేసి చూపించండి, సర్క్యూట్ కన్నా ఇదే వాళ్లకు గుర్తుండిపోతుంది.

కాసేపటికి మళ్లీ ఊపు మొదలవుతుంది. బ్యాటరీ దిగడం, వేడెక్కడం వల్ల ఫ్రీక్వెన్సీ కొంచెం జరుగుతుంది, అది ఈ సర్క్యూట్ స్వభావం. కొన్ని నిమిషాలు మోగనిచ్చి, ఆ తర్వాత సరిచేయండి.

మోగకపోతే

మల్టీమీటర్‌ను డీసీ 20 వోల్టులకు పెట్టి ఈ వరుసలో చూడండి. ముందు 8కీ 1కీ మధ్య బ్యాటరీ వోల్టేజీ రావాలి. రాకపోతే వైరింగ్ సంగతి: పొడవాటి బ్రెడ్‌బోర్డుల్లో చాలావాటికి ప్లస్, మైనస్ లైన్లు సగంలో తెగి ఉంటాయి, మధ్యలో చిన్న వైరు ముక్కతో కలపాలి. తర్వాత 4వ కాలి మీద కూడా అదే వోల్టేజీ ఉండాలి. దాన్ని వదిలేస్తే ఐసీ ఒకసారి మోగి ఒకసారి మోగదు, రోజంతా తల పట్టుకోవాల్సి వస్తుంది.

ఇప్పుడు 3వ కాలు. 9 వోల్టుల బ్యాటరీతో సర్క్యూట్ సరిగా ఆడుతుంటే ఇక్కడ సుమారు 4 వోల్టులు చూపించాలి. పైకీ కిందికీ వేగంగా మారుతున్న వోల్టేజీకి మీటర్ చూపే సగటు అది. 4 దగ్గర ఉండి శబ్దం రాకపోతే ఐసీ బాగుంది, తప్పు స్పీకర్ వైపు ఉంది. సున్నాలోనో 8 దగ్గరో ఆగిపోయి ఉంటే ఐసీ ఆడటం లేదు. 2, 6 కలిపే వైరు చూడండి, ఎక్కువసార్లు మరిచిపోయేది అదే.

సన్నగా కీచుమని దోమలా వినిపిస్తే 2వ కాలి దగ్గర 104 బదులు 103 పడింది, ఫ్రీక్వెన్సీ పదింతలైంది. లావుగా ‘బుర్ర్’మంటే 105 పడింది.

అన్నీ సరిగ్గా ఉన్నా వేలు ఆనితే మోగి, తీస్తే ఆగిపోతుంటే అది మన ఊరి ఉప్పుగాలి పని. బీచ్ వైపు ఇళ్లలో బ్రెడ్‌బోర్డ్ లోపలి క్లిప్పులు, రెసిస్టర్ కాళ్లు త్వరగా మసకబారతాయి. కాళ్లను సన్నని ఎమరీ కాగితంతో ఒకసారి రుద్ది వేరే వరుసలో గుచ్చండి. వాడనప్పుడు బోర్డును బిగుతు మూత డబ్బాలో, కొత్త బూట్లతో వచ్చే సిలికా జెల్ పొట్లం వేసి దాచండి.

సర్క్యూట్ శబ్దాన్ని కంప్యూటర్‌లో రికార్డు చేయాలంటే మైకు ముందు మోగించి చేయండి. 3వ కాలి నుంచి వైరు తీసి మైకు జాక్‌లో గుచ్చే ఆలోచన వద్దు. మైకు జాక్ ఎదురుచూసేది వోల్టులో చిన్న భాగాన్ని, మీరిచ్చేది దాదాపు 8 వోల్టులు. వైరుతోనే ఇవ్వాలంటే మధ్యలో 104 కెపాసిటర్, 100 కిలో ఓమ్ వరసగా పెట్టి, జాక్ దగ్గర సిగ్నల్‌కీ గ్రౌండ్‌కీ మధ్య 1 కిలో ఓమ్ పెట్టండి. వందో వంతుకు తగ్గుతుంది.

మోర్స్ ప్రాక్టీసుకు మార్చుకోవడం

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు కరెంటు, ఫోన్లు పోయి ఊరంతా ఒకరికొకరం అందకుండా పోయిన సంగతి విశాఖవాళ్లకు చెప్పక్కర్లేదు. హామ్ రేడియో నేర్చుకుంటామనేవాళ్లను అందుకే నేను గట్టిగా ప్రోత్సహిస్తాను. లైసెన్సుల్లో రిస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ అక్కర్లేదు, జనరల్ గ్రేడుకు కావాలి.

గంటసేపు వినడానికి 1000 హెర్ట్జ్ చెవికి గుచ్చుకుంటుంది, 600 నుంచి 800 మధ్య హాయిగా ఉంటుంది. పాట్ తిప్పి 700 దగ్గరికి తెండి. పాట్ అక్కర్లేదనుకుంటే 4.7 కిలో ఓమ్, పాట్ రెండూ తీసేసి ఒకే 10 కిలో ఓమ్ పెట్టండి, లెక్కకు 686 వస్తుంది.

మోర్స్ కీని (చుక్కలు, గీతలు కొట్టే మీటను) ఎక్కడ పెట్టాలన్న దగ్గర చాలామంది తప్పు చేస్తారు. బ్యాటరీ వైరు మధ్యలో పెడతారు. అప్పుడు కీ వదిలినా 100 మైక్రోఫారడ్ కెపాసిటర్‌లో మిగిలిన చార్జితో ఐసీ ఇంకా కాసేపు ఆడుతుంది, చుక్కలు తోకలు సాగి గీతల్లా వినిపిస్తాయి, చెవికి తప్పుడు అలవాటు పడుతుంది. కీని స్పీకర్ వైరు మధ్యలో పెట్టండి. ఐసీ ఆగకుండా ఆడుతూనే ఉంటుంది, నొక్కినప్పుడు మాత్రమే స్పీకర్‌కు చేరుతుంది, చుక్క చుక్కలాగే తెగుతుంది. సెల్స్ త్వరగా అయిపోకుండా బ్యాటరీ వైరుకు వేరే స్విచ్ పెట్టి, ప్రాక్టీసు అయ్యాక ఆపేయండి. కీ నొక్కినప్పుడు గరగర వస్తే ముందు కీ కాంటాక్టులు తుడిచి చూడండి, సర్క్యూట్ జోలికి ఆ తర్వాతే వెళ్లండి.